గవర్నమెంటువారు, మిల్లువారు, కూలివాండ్రు

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాత పత్రికల భాష మీద నాలుగు ముక్కలు రాసిన పాపానికి ఈసారి సంచీడు ఉత్తరాలు వచ్చాయి. వాటిల్లో సగానికి సగం ‘వారు’ అనే ఒక్క మాట గురించే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, పొడుగువాటిని కుదించాను. ఎవరి ప్రశ్న ఇందులో కనిపించకపోయినా జవాబు ఎక్కడో ఒకచోట ఉంటుంది, వెతుక్కోండి.

*

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో స్వాతంత్ర్యానికి ముందునాటి పేపరు కత్తిరింపులు దొరికాయి. చదువుతుంటే ప్రతి వాక్యంలోనూ ‘వారు’ తగులుతోంది. గవర్నమెంటువారు, రైల్వేవారు, కోర్టువారు, జర్మనీవారు, మహంతువారు, అమ్మవారు... ఇంతమందికి ఒకే మర్యాదా? ఎక్కడ ఏ అర్థంలో చదువుకోవాలి?
– చీరాల పాఠకురాలు

జవాబు: అమ్మా, అది ఎప్పుడూ మర్యాదే అనుకుంటే దారి తప్పుతాం. బడిలో చెప్పినట్టు ‘వాడు’కి బహువచనం ‘వారు’. కానీ పత్రికల్లో ఆ పని అది చేసింది తక్కువ, వేరే పనులు చేసింది ఎక్కువ.

మొదటిది కుర్చీ పని. ‘కలెక్టరుగారు’ అంటే మనిషి. ఆయనకి జలుబు చేస్తుంది, గుర్రమెక్కి క్యాంపుకి వెళతాడు. ‘కలెక్టరువారు’ అంటే ఆ కుర్చీ. మనిషి బదిలీ అయిపోయినా ‘కలెక్టరువారి ఉత్తరువు’ అక్కడే ఉంటుంది. కోర్టు ప్రకటనల్లో ‘జిల్లా మునసబు కోర్టువారి సమక్షమున’ అని ఉంటుంది చూడండి, అందులో ఏ మునసబు పేరూ అక్కర్లేదు. ఎం. అండ్ ఎస్.ఎం. (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా) రైల్వేవారు, బెజవాడ మునిసిపాలిటీవారు, జిల్లా బోర్డువారు, అందరూ ఈ కోవలోవాళ్లే. మీరు చెప్పిన మహంతువారు కూడా ఇంతే. 1843 నుంచి 1933 దాకా తిరుమల కొండ నిర్వాహకం హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. వ్యక్తులు మారినా, వార్తల్లోకి ఎక్కేది మాత్రం ‘మహంతువారు’. ఆ తర్వాత ‘దేవస్థానంవారు’ వచ్చారు. ఇప్పటికీ కొండ మీద మైకులో వాళ్లే మాట్లాడుతున్నారు.

రెండోది దేశాల పని. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించి, రేవు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ టాంకులు తగలబెట్టింది. అప్పటికి ఆంధ్రపత్రిక దినపత్రికగా మారి ఆర్నెల్లు కూడా నిండలేదు. ఆ ఏప్రిల్‌లోనే మద్రాసులో దినపత్రిక అయింది. అంతకు ముందు 1908 నుంచీ బొంబాయిలో వారపత్రిక. యుద్ధవార్తల నిండా జర్మనీవారు, ఫ్రాన్సువారు, రష్యావారు. బాంబు వేసినవాడికీ వారే, పడ్డవాడికీ వారే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినవాళ్లు కూడా ‘జపానువారే’. దీన్ని చూసి మా పెద్దలకి శత్రువు మీద ఎంత గౌరవమో అని మురిసిపోకండి. అక్కడ వారు అంటే ‘ఆ పక్షం’ అనే అర్థం, అంతకుమించి ఏమీ లేదు. ‘ఆడపెళ్లివారు, మగపెళ్లివారు’ అంటామే, అదే వారు.

మూడోది ఊళ్ల పని. దీనికి మీ ఊరే అసలైన ఉదాహరణ. చీరాల, పేరాల గ్రామాల్ని కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్ను మోత ఎక్కువైంది, జనం వద్దన్నారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి, ఊరి బయట రామనగరం కట్టుకుని నెలల తరబడి అక్కడే ఉన్నారు. ఇప్పుడు ఈ వార్తని ఆనాటి భాషలో రాద్దాం. ఇది నేను అల్లిన నమూనా, ఏ పత్రికలోదీ కాదు: ‘గవర్నమెంటువారు మునిసిపాలిటీని నెలకొల్పిరి. చీరాలవారు ఊరు విడిచిరి.’ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. పన్ను వేసినవాళ్లకీ, పన్ను కట్టబోమన్నవాళ్లకీ ఒకే ప్రత్యయం, ఒకే క్రియ. మగ్గం గుంటలో కూర్చుని నేసేవాడు ఊరి పేరు చాటున గవర్నమెంటుతో సమానంగా ‘వారు’ అయిపోయాడు. విడిగా వార్తలోకి వస్తే అతనికి ఆ మాట దక్కేదా అన్నది వేరే సంగతి.

ఆ వేరే సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగమే. పాత పత్రికల్లో ‘వారు’కి ఒక కవల ఉంది: ‘వాండ్రు’. అదీ వాడుకి బహువచనమే. మిల్లులో సమ్మె వార్త వస్తే, ‘మిల్లువారు తలుపులు మూసిరి, కూలివాండ్రు గుమిగూడిరి’ అన్న తరహాలో నడుస్తుంది వాక్యం. గేటుకి లోపల ఉన్నవాడు వారు, బయట ఉన్నవాడు వాండ్రు. ఇలాగే బండివాండ్రు, పనివాండ్రు, దొంగవాండ్రు. దొంగకీ పనివాడికీ ఒకే తోక తగిలించడం ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. రాసినవాళ్లకి చెడ్డ ఉద్దేశం ఉందని నేననను. ఇంట్లో ఎలా మాట్లాడుకునేవారో అదే అచ్చులోకి వచ్చింది. అందుకే మీ కత్తిరింపులు మళ్లీ తీసి ‘వారు’ కింద పెన్సిలుతో ఒక గీత, ‘వాండ్రు’ కింద రెండు గీతలు పెట్టి చూడండి. ఆ పత్రిక ఎవరి అరుగు మీద కూర్చుని లోకాన్ని చూసిందో ఆ గీతలే చెబుతాయి.

ఇక అమ్మవారి సంగతి ఇందులో కలపకండి. ఆవిడ లెక్క వేరు.

*

ప్రశ్న: పేరు తర్వాత ఒకచోట ‘గారు’, ఒకచోట ‘వారు’. ‘చెళ్లపిళ్లవారు’ అంటారు, ‘వెంకటశాస్త్రిగారు’ అంటారు. సూత్రం ఏమన్నా ఉందా?
– కాకినాడ నుంచి ఒక తెలుగు మాస్టారు

జవాబు: సొంత పేరుకి గారు, ఇంటిపేరుకి వారు. గిడుగువారు, చిలకమర్తివారు, పానుగంటివారు, వేటూరివారు. ఇంటిపేరు అంటే ఇల్లు మొత్తానిది కాబట్టి అక్కడ వారు సహజం. అందులోంచి ఒకే ఒక్క మనిషిని పట్టుకోవాలంటే ఆయన అంత పేరున్నవాడై ఉండాలి. మా వీధిలోనూ ఒక గిడుగువారుండేవారు. ‘గిడుగువారు ఇలా సెలవిచ్చిరి’ అని పేపర్లో పడితే వాళ్లింటికెళ్లి అడిగినవాడు ఎవడూ లేడు.

రాజులకి మాత్రం ఈ సూత్రం పనిచెయ్యదు. పిఠాపురం మహారాజావారు, బొబ్బిలి రాజావారు అని పదవికే తగిలిస్తారు. పేరు ముందు మూడు శ్రీలు, వెనక ఒక వారు, క్రియ దగ్గర ‘దయచేసిరి’. జమీందారు రైలు దిగితే సగం కాలమ్ నిండేది. కంపోజిటర్లు ‘మహారాజావారు’ అన్న పదాన్ని ఒక్క కట్టుగా కట్టి పక్కన పెట్టుకునేవారని, నేను ప్రూఫు రీడరుగా చేరిన కొత్తలో ఫోర్‌మన్ చెప్పేవాడు. నిజమో, కుర్రాణ్ణి కదా అని ఆట పట్టించాడో!

*

ప్రశ్న: పాత సినిమా ప్రకటనల్లో ‘విజయావారి’, ‘వాహినీవారి’ అని మొదలెడతారెందుకు? ఇప్పుడు హీరో పేరే కదా ముందుండేది.
– గుంటూరు పాఠకుడు

జవాబు: ఆ రోజుల్లో సరుకు ఎవరిదో చెప్పి అమ్మేవారు. కేసరి కుటీరంవారి లోధ్ర అన్నట్టే విజయావారి పాతాళభైరవి. మందు సీసా మీదైనా, వాల్‌పోస్టరు మీదైనా ‘వారి’ అంటే పూచీ. సరుకు బాగాలేకపోతే ఎవర్ని తిట్టాలో జనానికి తెలిసేది. 1951లో పాతాళభైరవి ప్రకటన చూసినవాడికి ‘విజయా’ అన్న మాట కొత్తదేమీ కాదు. అంతకు ముందు ఏడే వాళ్ల షావుకారు వచ్చింది. వార్తలోని గవర్నమెంటువారికీ ప్రకటనలోని విజయావారికీ వ్యాకరణం ఒకటే, కాకపోతే రెండోవాళ్లని టిక్కెట్టు కొని చూడొచ్చు.

*

ప్రశ్న: హైదరాబాదు పత్రికల్లోనూ ఇదే తీరా?
– వరంగల్ పాఠకుడు

జవాబు: తీరు అదే, ముందు తగిలే బిరుదులు ఎక్కువ. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక మొదలైంది. నిజాం ఏలుబడిలో తెలుగు పత్రిక నడపడం కత్తిమీద సాము. ‘ఘనత వహించిన ప్రభుత్వమువారు’ అని ముందు దండం పెట్టి, ఆ వెంటనే ఊళ్లో బడి లేదనో, వెట్టి ఆగలేదనో రాయాల్సిన కాలం అది. ఇక్కడ ‘వారు’ అనేది గొడుగు. దాని కింద నిలబడితేనే మిగతా మాట చెప్పడానికి వీలు. మర్యాద ఎంత చిక్కగా ఉంటే లోపల ఫిర్యాదు అంత ఘాటుగా ఉందేమోనని నాకు అనుమానం. ఆ పత్రిక చదివేటప్పుడు ఆ బిరుదుల్ని దాటేసి పోకండి, వాటి తర్వాతి వాక్యాన్ని రెండుసార్లు చదవండి.

ఊళ్లలో మాత్రం సర్కారువారు, దొరవారు. సర్కారువారు వేలంపాటల్లో ఇంకా బతికే ఉన్నారు. చెరువులో చేపలకో, సంతలో ఆశీలుకో వేలం పెట్టినప్పుడు మొదట వినిపించేది ‘సర్కారువారి పాట’. అది పాడేవాడు జేబులోంచి పైసా తియ్యడు.

*

ప్రశ్న: శ్రీవారు అంటే దేవుడా, భర్తా?
– పేరు రాయలేదు, దస్తూరీ చూస్తే కొత్తగా పెళ్లయిన అమ్మాయిలా ఉంది

జవాబు: బ్రహ్మోత్సవాల వార్తలో దేవుడు. ఆదివారం అనుబంధంలో జోకు పక్కన భర్త. ‘శ్రీవారికి నేత్రపర్వంగా కల్యాణం’ అన్న శీర్షిక రెండింటికీ సరిపోతుంది కాబట్టి, కిందిది చదివాకే నవ్వండి.

*

ప్రశ్న: ఆడవాళ్ల విషయంలో పాత పత్రికలు ‘వచ్చినది, చెప్పినది’ అని రాశాయి కదా. అది అవమానం కాదా? గౌరవం ఎప్పుడు మొదలైంది?
– విశాఖపట్నం, డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఇది మన వ్యాకరణంలో ఉన్న చిక్కు. ఏకవచనంలో ఆడమనిషికీ ఆవుకీ క్రియ ఒకటే: వచ్చినది. బహువచనంలోకి రాగానే ఆడవాళ్లు ఆవుల్ని వదిలి మగవాళ్ల వైపు వస్తారు: స్త్రీలు వచ్చిరి, ఆవులు వచ్చినవి. చిన్నయసూరి బాలవ్యాకరణం ఈ తేడాని సూత్రాల్లో పెట్టింది, భాష అంతకు ముందునుంచే అలా ఉంది.

పత్రికలవాళ్లు ఈ తలుపునే వాడుకున్నారు. ఒక్క ఆడమనిషి గురించి రాసేటప్పుడు కూడా పేరు వెనక ‘గారు’ పెడితే చాలు, వాక్యం బహువచనమైపోతుంది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో దుర్గాబాయి లాంటివాళ్లు మద్రాసులో జైలుకు వెళ్లారు. అలాంటివాళ్ల గురించి ‘దుర్గాబాయమ్మగారు జైలునకేగిరి’ అంటే పేచీ లేదు. గారు లేకపోతే ‘ఏగినది’. అంటే గౌరవం, మనిషితనం రెండూ ఆ ఒక్క రెండక్షరాల మీద వేలాడేవి. మరి కల్లు దుకాణం ముందు పికెటింగు చేసిన పేరులేని ఆడకూలీకి ఆ రెండక్షరాలూ ఎవరిచ్చారు?

ఇప్పుడు ‘ఆమె చెప్పారు’ అని రాస్తున్నారు. ఏకవచన సర్వనామం, బహువచన క్రియ. పాతకాలపు పండితుడు చూస్తే కలం పట్టుకుని దిద్దేవాడు. నా మటుకు నాకు ఇది తెలుగు పత్రికలు చేసిన మంచి పనుల్లో ఒకటి. మీరు అవమానం అన్నారు కాబట్టి ఇంకో మాట. పోలీస్‌స్టేషన్ వార్తల్లో నిందితురాలు దగ్గరికొచ్చేసరికి క్రియ చప్పున ‘చెప్పింది’ అయిపోతుంది. నేరం రుజువు కాకముందే వ్యాకరణం శిక్ష వేసేస్తుంది. మగ నిందితుడికీ ‘చెప్పాడు’ అనే రాస్తారనుకోండి, ఎమ్మెల్యే అయితే తప్ప.

*

ప్రశ్న: మరి ఈ ‘వారు’ పత్రికల్లోంచి ఎప్పుడు పోయింది? ఎవరు తీసేశారు?
– నెల్లూరు పాఠకుడు

జవాబు: ఫలానా రోజున ఫలానావారు తీసేశారని చెప్పడానికి లేదు. గ్రాంథికం వెనక్కి తగ్గినకొద్దీ ఇదీ తగ్గింది. గిడుగు రామమూర్తి 1940 జనవరిలో, కన్నుమూయడానికి వారం ముందు, ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులకు తన చివరి విన్నపం వినిపించారు. జనం మాట్లాడే భాషలో రాయండని ఆయన జీవితమంతా చెప్పినదే అక్కడా చెప్పారు. ఆ దశాబ్దంలో ఆంధ్రప్రభకి సంపాదకుడైన నార్ల వెంకటేశ్వరరావు వాడుక మాటకి చోటిచ్చారు. 1974లో విశాఖపట్నంలో ఈనాడు వచ్చేనాటికి ‘చేసిరి, పోయిరి’ వార్తల్లోంచి వెళ్లిపోయాయి.

కానీ ‘వారు’ని నిజంగా మింగింది క్రియ. ‘గవర్నమెంటువారు నిశ్చయించిరి’ అన్నది ‘ప్రభుత్వం నిర్ణయించింది’ అయింది. మొదటిదాంట్లో మనుషులున్నారు, ఎవరో తెలియదుగానీ ఉన్నారు. రెండోదాంట్లో ప్రభుత్వం చెట్టులాగా, వానలాగా నపుంసకమైపోయింది. ‘వాన కురిసింది, ప్రభుత్వం నిర్ణయించింది.’ పాత వాక్యం చదివినవాడు ‘ఎవరయ్యా ఆ వారు?’ అని అడగడానికి సందుంది. కొత్త వాక్యం పొట్టిగా ఉంది, శీర్షికకి పనికొస్తుంది, డెస్కు మీద కూర్చున్నవాడికి సుఖం. ఆ సుఖం నేనూ అనుభవించినవాణ్ణే, రాత్రి పదకొండింటికి ఎడిషన్ మూసేటప్పుడు రెండు అక్షరాలు మిగిలితే అదే పదివేలు. అయినా ఎవరి చేతుల మీదుగా జరిగిందన్నది ఆ రెండక్షరాలతోపాటే పోయిందని నా వాదన.

పోలీసుల విషయంలో దీనికి ఉల్టా జరిగింది, అది బాగుంది. ‘పోలీసువారు’ అంటే శాఖ. ‘పోలీసులు’ అంటే లాఠీ పట్టుకున్న మనుషులు. ‘పోలీసులు కాల్పులు జరిపారు’ అన్న వాక్యంలో కాల్చినవాళ్లు కళ్లకి కడతారు. అయితే ఇప్పుడిప్పుడే ‘కాల్పులు చోటుచేసుకున్నాయి’ అని రాస్తున్నారు. కాల్పులు వాటంతటవే వచ్చి చోటు చూసుకుని కూర్చున్నాయన్నమాట. దీనికంటే ‘పోలీసువారే’ నయం.

కూలివాండ్రు మాత్రం కార్మికులయ్యారు, కూలీలయ్యారు. ‘లు’ ప్రత్యయానికి తాటాకు కప్పూ, మేడా తేడా తెలియదు. మంత్రులు, కూలీలు, దొంగలు, విలేఖరులు, అందరికీ అదే. ‘వాండ్రు’ పోయినందుకు ఎవరూ సంతాపసభ పెట్టలేదు, పెట్టాల్సిన పనీ లేదు.

*

ప్రశ్న: మా అబ్బాయి పెళ్లి శుభలేఖలో ‘ఫలానావారి పౌత్రుడు, ఫలానావారి దౌహిత్రుడు’ అని రాయిస్తే, అమెరికాలో పుట్టిన వాడికి ‘వారి’ ఎందుకో అర్థం కావడం లేదట, తీసెయ్యమంటున్నాడు. తీసెయ్యనా?
– డాలస్ నుంచి ఒక తండ్రి

జవాబు: తీసేస్తే తాతగారు మిగులుతారు, వంశం పోతుంది. ఉంచండి. శుభలేఖ, తహశీల్దారు కచేరీలో ఇచ్చే అర్జీ, ఈ రెండింటిలో తప్ప దానికి వేరే నీడ లేదు. అర్జీ రాసే అవసరం మీవాడికి ఎలాగూ రాదు.

*

ప్రశ్న: ఇవన్నీ సొంతంగా చూడాలంటే పాత పత్రికలు ఎక్కడ దొరుకుతాయి?
– అనంతపురం, పరిశోధక విద్యార్థి

జవాబు: ఇంట్లో కూర్చుని చూడాలంటే ప్రెస్ అకాడమీ డిజిటల్ చేసి పెట్టిన పాత సంచికలున్నాయి. కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రికలతో మొదలుపెట్టండి. కాగితం ముట్టుకుని చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లండి. 1918లో పుట్టిన గ్రంథాలయం, పాత పత్రికల ఫైళ్లకి పెట్టింది పేరు. చీరాలకి కూతవేటు దూరం కాబట్టి మొదటి ప్రశ్న వేసిన అమ్మాయి కూడా ఒకసారి వెళ్లొస్తే బాగుంటుంది. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉండనే ఉన్నాయి.

ఒక జాగ్రత్త. ‘వారు’ని విడిగా వెతక్కండి, ముందు మాటతో అతుక్కునే ఉంటుంది. స్కాన్ చేసిన బొమ్మల్లో వెతుకుడు మీట ఎలాగూ పనిచెయ్యదు కనుక కళ్లే దిక్కు. మొదటి పేజీ కంటే లోపలి పేజీల్లోని జిల్లా వార్తలు, కోర్టు నోటీసులు, రైలు వేళల ప్రకటనలు చూడండి. ఇంకోటి, ‘గతవారము’ అన్నచోట ఆగి లెక్కలో వేసుకోకండి. ఈ మధ్య ఒక పరిశోధక వ్యాసంలో ఆ వారాన్ని కూడా గౌరవవాచకాల పట్టికలో చూశాను.